చూద్దాంగారూ, బాత్రూము గడియా

మా వీధి మలుపులో టీ కొట్టు ముందు ఒక బెంచీ ఉంది. దాని కాళ్ళలో ఒకటి పొట్టిది. ఆ చివర బరువైన మనిషి కూర్చుంటే బెంచీ ఒక పక్కకి ఒరిగి నిలకడగా ఉంటుంది, తేలికైన మనిషి కూర్చుంటే అందరం కలిసి ఊగుతాం. అందుకని ఆ చివర ఎప్పుడూ చూద్దాంగారికే వదిలేస్తాం.

ఆయనకి వేరే పేరు ఉండే ఉంటుంది. కొట్టుకి మూడిళ్ళ అవతల నాలుగు పోర్షన్ల మేడ ఆయనది. ముందు పోర్షన్లో తానూ భార్యా ఉంటారు, మిగతావి అద్దెకిచ్చాడు. అద్దెవాళ్ళు ఏది అడిగినా ఆయన జవాబు ఒక్కటే. కుళాయి కారుతోందండీ అంటే, చూద్దాం. మెట్ల దగ్గర దీపం లేదండీ అంటే, చూద్దాం. ఔననడు, కాదనడు. ఎదురుగా అందరం ఓనరు గారూ అంటాం, ఆయన వెళ్ళిపోయాక చూద్దాంగారు అంటాం.

నేను కాలేజీలో చదివే రోజుల్లో మా తెలుగు లెక్చరరు ఒకాయన ఈ మాట మీద ఒక పూట పాఠం చెప్పారు. చూస్తాను అంటే నేనొక్కణ్ణే చూస్తాను. చూద్దాం అంటే మనం, నువ్వూ నేనూ కలిసి చూస్తాం. మేము వేరు, మనము వేరు, ఇది మన భాషకున్న సొగసు నాయనా అని కళ్ళు మూసుకుని మరీ చెప్పేవారు. ఆ సొగసుని ఇంటి మరమ్మతులు ఎగ్గొట్టడానికి వాడుకోవచ్చని ఆయనకి తట్టలేదు. ఆయన కూడా అద్దింట్లోనే ఉండేవారు, పాపం.

సరే, అసలు సంగతికి వస్తాను. ఆ ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకి చూద్దాంగారు కాంపౌండరుని వెంటబెట్టుకుని వచ్చాడు. వెంటబెట్టుకుని వచ్చింది కాంపౌండరే అని తరవాత తెలిసింది కానీ, చూడ్డానికి మాత్రం అలాగే ఉంది. ఈ కాంపౌండరు చూద్దాంగారింట్లో వెనక పోర్షన్లో ఉంటాడు. నెమ్మదైన మనిషి. ఇంజక్షన్ ఇచ్చేటప్పుడు మనకంటే ముందు ఆయనే మొహం చిట్లించుకుంటాడు.

ఆయన కష్టం వీధంతా ఎరిగిందే. వాళ్ళ బాత్రూము తలుపుకి లోపలి గడియ ఊడిపోయి రెండేళ్ళ నాలుగు నెలలైంది. అది ఎన్ని గడియలో లెక్కలొచ్చినవాళ్ళు వేసుకోవచ్చు. అప్పట్నుంచీ ఆ ఇంట్లో ఒక ఏర్పాటు. లోపలున్నవాళ్ళు బయటికి వచ్చేదాకా ఏదో ఒక చప్పుడు చేస్తూ ఉండాలి. వాళ్ళావిడ పాడుతుంది. కొడుకు దగ్గుతాడు. కాంపౌండరుకి పాట రాదు, పదమూడో ఎక్కం చదువుతాడు. పదమూడు తొమ్ముల దగ్గర రోజూ తడబడతాడు. వెనక సందులోంచి వెళ్ళేవాళ్ళు నూట పదిహేడండీ అని అందించి పోతుంటారు.

ఇన్నాళ్ళూ అలాగే గడిచిపోయింది. కానీ ఆ రోజు మధ్యాహ్నం బస్సుకి కూతురి అత్తమామలు వస్తున్నారు. పెళ్ళయ్యాక వాళ్ళు రావడం అదే మొదలు, రెండు రోజులుంటారు. వియ్యపురాలు బడిలో హెడ్మిస్ట్రెస్‌గా చేసి రిటైరైన మనిషి. ఆవిడ ముందు నిలబడి, వదినగారూ, మీరు లోపలున్నంతసేపూ గొంతెత్తి పాడుతూ ఉండాలండీ అని ఎవరు చెప్పాలి? వారం రోజులుగా మొగుడూ పెళ్ళాలకి నిద్ర లేదు. కూతురైతే ఉత్తరం మీద ఉత్తరంలా ఫోను మీద ఫోను.

పోనీ సొంతంగా బిగించుకుందామంటే కుదరదు. తన ఇంటి గోడకి గానీ తలుపుకి గానీ పరాయి చెయ్యి పడకూడదని చూద్దాంగారి నియమం. మేకులు కొట్టరాదు అని గేటు మీద బోర్డు కూడా ఉంది. దాన్ని నాలుగు మేకులతో కొట్టారు.

బెంచీ మీద కూర్చోగానే కాంపౌండరు మా అందరి ముందూ మళ్ళీ అడిగాడు. ఖర్చు తనదే, వడ్రంగిని తానే పిలుచుకుంటాడట, ఓనరు గారు ఊ అంటే చాలట. చూద్దాంగారు టీ ఊదుకుంటూ, "చూద్దాం" అన్నాడు.

మామూలుగా అయితే కాంపౌండరు ఇక్కడ తల వంచుకుని వెళ్ళిపోతాడు. ఆ రోజు వెళ్ళలేదు. ఇంకో టీ చెప్పి, ఆయన చేతికిచ్చి, చాలా వినయంగా, "పోనీలెండి. ఆ మేకు సంగతి ఒక్కసారి చెప్పరూ, మొదట్నుంచీ వినాలని ఉంది" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను. ఆ కథ మేమంతా ముక్కలు ముక్కలుగా విన్నాం. చెప్పమని అడిగినవాడు మాత్రం ఈ వీధిలో ఇంతవరకూ లేడు. పక్క కొట్టు టైలరు కత్తెర చేత్తో పట్టుకునే వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

చూద్దాంగారు కండువా సవరించుకున్నాడు. ఆ తరవాతదంతా ఆయన మాటల్లోనే.

"మేకు సంగతా? సరే. టైలరూ, నువ్వు దగ్గరికి రావయ్యా, ఇది ముఖ్యంగా నీ కోసం. నీ కొట్టు వెనక గది అద్దెకిచ్చావు కదా, మొన్న ఆ కుర్రమేష్టరు పుస్తకాలు పెట్టుకోడానికి గోడకి చెక్క కావాలంటే మర్నాడే వేయించావట. విన్నాను. చాలా బాధపడ్డాను. అడిగిన మర్నాడే ఇచ్చేస్తే ఇంక అతనికి ఎదురుచూడ్డానికి ఏం మిగిలింది? ఎదురుచూడ్డం కూడా ఒక సౌకర్యమేనయ్యా. కుళాయీ కిటికీ లాంటిదే. నేను నా అద్దెవాళ్ళందరికీ అది మొదటి రోజు నుంచే ఇస్తాను, ఎక్కువ తక్కువలు లేకుండా.

"ఇరవై ఏళ్ళ కింద మాట. ఎడమ పోర్షన్లో ఒక గుమస్తా దిగాడు. దిగిన వారానికి వచ్చాడు, చేతిలో క్యాలెండరు. ఓనరు గారూ, దీనికో మేకు కొట్టుకోనా అని. వేరేవాడైతే ఏం చేస్తాడు? వద్దంటాడు, మనసు నొప్పించినట్టు. కొట్టుకో అంటాడు, నెత్తికెక్కించుకున్నట్టు. నేను చూద్దాం అన్నాను. ఊరికే అన్లేదు. చూద్దాం అంటే చూడాలి. మర్నాడు పొద్దున్నే వెళ్ళి ఆ గోడ ముందు నించున్నాను. గుమస్తా పళ్ళు తోముకుంటూ వచ్చి నా పక్కన నించున్నాడు. ఇద్దరం చూశాం. అలా మూడు నెలలు, ఒక్క పూట మానకుండా. ఆ గోడని మేం చూసినట్టు కట్టిన మేస్త్రీ కూడా చూసుండడు. చివరికి అతనికి ఆ గోడంటే ప్రేమ పుట్టి, దీనికి మేకు కొట్టడం పాపమండీ అనే స్థితికి వచ్చాడు. అప్పుడిచ్చాను మేకు. వద్దనుకున్నాక ఇవ్వడం, అదీ ఇచ్చే పద్ధతి."

"ఎంత మేకండీ?" అన్నాడు కాంపౌండరు.

"అదిగో, అలా అడగాలి. బజార్లో దొరికే బొటనవేలు మేకులు మా గోడకి ఆనవు. కమ్మరితో ప్రత్యేకంగా చేయించాను, మూరెడు. కాదు, మూరా జానెడు. సుత్తి ఇలా పైకెత్తాను. ఒక్క దెబ్బ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? మేకు ఇటు కనపడ్డం మానేసింది. గోడలోంచి దూసుకుపోయి అవతల పోర్షన్లో తేలింది. అక్కడ ఒక నర్సమ్మగారు ఉండేవారు. ఆవిడ కూడా అంతకు ముందు ఆర్నెల్లుగా గొడుగు తగిలించుకోడానికి ఏదైనా ఉంటే బాగుండునని అడుగుతోంది. గోడలోంచి మేకు రాగానే ఆవిడ కళ్ళంట నీళ్ళు. ఒకే దెబ్బకి రెండు పోర్షన్ల కోరిక తీరింది. అద్దెవాళ్ళని సంతోషపెట్టడంలో ఇంత పొదుపు ఎవరైనా చూపించారా, బావగారూ?"

బావగారు నేను. మా ఇద్దరికీ ఏ చుట్టరికమూ లేదు. సాక్ష్యం కావలసి వచ్చినప్పుడల్లా ఆయన నన్నలా కలుపుకుంటాడు. నేను తలూపాను. తలూపితే తొందరగా అయిపోతుందని నా అనుభవం.

ఆ సమయంలో ఎక్కణ్ణుంచో టక్ టక్మని సుత్తి చప్పుడు మొదలైంది. చూద్దాంగారు చెవి అటు తిప్పి, ఆ చప్పుడేమిటని అడిగాడు. ఎవరో ఏదో పని చేయించుకుంటున్నట్టున్నారండీ అన్నాడు కాంపౌండరు, గడియారం చూసుకుంటూ. చూద్దాంగారు పెదవి విరిచాడు.

"విను ఆ దెబ్బలు. పది కొట్టినా దిగడంలేదు. ఈ కాలం పనివాళ్ళింతే. సరే, ఎక్కడున్నాం, నర్సమ్మగారి గొడుగు. రెండో రోజు గుమస్తా వచ్చి, ఏం లేదండీ, నా వైపు మేకు ఏమీ మిగల్లేదు, ఓ అంగుళం వెనక్కి లాగితే బాగుండును అన్నాడు. ఇదీ టైలరూ నువ్వు నేర్చుకోవలసింది. ఒకటిచ్చాక రెండోది అడుగుతారు. నేను కోప్పడలేదు. రెండు వేళ్ళతో పట్టుకుని లాగాను. మొత్తం ఊడి చేతికొచ్చింది. కన్నం మిగిలింది. ఆ కన్నంలోంచి గాలి. గాలంటే అలాంటిలాంటి గాలి కాదు, మేడల్లో ఉండేవాళ్ళు కూడా ఎరగని గాలి. గుమస్తా క్యాలెండరు దానికెదురుగా బల్ల మీద పెట్టుకున్నాడు. పొద్దున మార్చి నెల కాగితం. గాలికి పేజీలు తిరగడం మొదలెట్టాయి. మధ్యాహ్నానికి ఆగస్టు. సాయంత్రం ఇంటికొచ్చి చూసేసరికి డిసెంబరు ముప్ఫై ఒకటి. డిసెంబరు ఆఖరుకి రిటైరు కావలసిన మనిషి, ఇంకా పది నెలల సర్వీసుంది. మర్నాడు ఆఫీసుకి వెళ్తే దండ వేసి ఇంటికి పంపించేశారు."

"అదేమిటండీ, ఆఫీసులో క్యాలెండరు లేదా?" అన్నాడు టైలరు.

"ఉందయ్యా. కానీ మా ఇంటి గాలి ముందు ఆఫీసు క్యాలెండరుని ఎవరు నమ్ముతారు?"

టైలరు ఏదో అనబోయాడు. కాంపౌండరు గబగబా, "ఆ తర్వాత ఏమైందండీ?" అన్నాడు. నేను కాంపౌండరు వైపు చూశాను. ఆయన ముఖంలో నిజమైన ఆత్రం. కథ వినే ఆత్రమేమో అనుకున్నాను.

"ఆ తర్వాతా? రిటైరయ్యాక ఇంట్లోనే కూర్చుంటాడు కదా, కూర్చున్న మనిషికి కోరికలెక్కువ. వీధి వైపు గోడకి ఇంతకంటే కాస్త పెద్ద కన్నం పెడితే కిటికీ అవుతుందండీ అన్నాడు. చూద్దాం అన్నాను. ఈసారి రెండు నెలలే చూశాం, పాతవాడు కదా అని రాయితీ. ఒక రోజు ఆ గోడకి ఇలా మోచెయ్యి ఆనించి మాట్లాడుతున్నాను. మాట మీద మాట వచ్చి కొంచెం గట్టిగా ఆనించాను. నలుచదరంగా, గీత గీసినట్టు, కిటికీ. రెక్కలూ చువ్వలూ కూడా."

"చువ్వలు ఎక్కణ్ణుంచి వచ్చాయండీ?" అన్నాడు టీ కొట్టాయన. ఆయన మామూలుగా మాట్లాడడు. పాలు పొంగుతాయని భయం.

"అదేనయ్యా నేనూ ఆశ్చర్యపోయింది. అయితే కిటికీలోంచి చూస్తే ఎదురింటి గోడ. గుమస్తా పెళ్ళాం మొహం ముడుచుకుంది. చూడ్డానికి ఏమన్నా ఉంటే బాగుండును అన్నయ్యగారూ అంది. అన్నయ్యగారూ అన్నాక నేనింక నేను కాను. చూద్దాం అమ్మా అని, నాలుగు పోర్షన్లవాళ్ళనీ పిలిచి, అందరూ ఈ గోడకి వీపులానించి నించోండి అన్నాను. ఒకటి, రెండు, మూడు. ఇల్లు తిరిగింది. తిరగలి తిరిగినట్టు. తూర్పు మొహం ఉత్తరానికొచ్చింది. పొయ్యి మీద పాలు తొణకలేదు. పై పోర్షను ముసలాయన నిద్రలోంచి లేచి వీధిలోకి వెళ్తున్నాననుకుని తిన్నగా వంటింట్లోకి వెళ్ళాడు, అంతకు మించి ఎవరికీ ఏమీ కాలేదు. పోస్టుమాను మాత్రం వారం రోజులు మా ఇంటి చుట్టూ తిరిగాడు, గుమ్మం దొరక్క."

"మా నాన్న ఇరవై ఏళ్ళ కింద ఇక్కడే బట్టలు కుట్టేవాడు. ఇల్లు తిరగడం ఆయన చూడలేదే" అన్నాడు టైలరు.

"ఆదివారం తిరిగింది. ఆదివారాలు మీ కొట్టు మూత."

అది నిజమే. ఆ రోజుల్లో ఆదివారం మూతే. చూద్దాంగారి కోతల్లో గొప్పతనం ఇదే. ఏనుగంత అబద్ధానికి ఎక్కడో ఒకచోట ఆవగింజంత నిజం తగిలిస్తాడు, మనం ఆ ఆవగింజని పట్టుకుని నించోవాలి. నేను ఉద్యోగం చేసిన రికార్డు రూములో ఒక సూపరింటెండెంటు ఉండేవాడు, సరిగ్గా ఇలాగే. ఆయన ఫైలు పోయిందనడు, ఫైలు ప్రయాణంలో ఉంది అనేవాడు. అది వేరే కథ.

ఇంతలో సుత్తి చప్పుడు ఆగి, రంపం చప్పుడు మొదలైంది. కాంపౌండరు భుజాలు కాస్త కిందికి దిగాయి. నాలుగో టీ చెప్పాడు. చూద్దాంగారికి బిస్కట్లు కూడా తెప్పించాడు.

"ఇల్లు తిరిగిందని తెలిశాక ఊరు ఊరంతా మా గేటు ముందుంది, పోర్షను కావాలని. వీళ్ళ సంగతి ఇలా ఉండగా పై పోర్షను ముసలాయన, ఇందాక చెప్పానే, వంటింట్లోకి వెళ్ళినాయన, ఆయన వచ్చాడు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, మెట్లెక్కలేను, ఒక కడ్డీ వేయిస్తే పట్టుకుని ఎక్కుతాను అని. కడ్డీ. చూశావా టైలరూ, ఎంత చిన్న కోరికో. చిన్న కోరికలు ఎప్పుడూ తీర్చకూడదు. తీరిస్తే ఎవరికీ గుర్తుండవు. ఆ కడ్డీ వేయించి ఉంటే ఇవాళ నేను మీకు చెప్పుకోడానికి ఏముండేది? అందుకని చూద్దాం అన్నాను. ఆర్నెల్లు మెట్లు చూశాం. అంటే నేను కింద నించుని చూశాను, ఆయన పైనుంచి చూశాడు. అప్పుడు తట్టింది. తాతగారూ, మీరు మేడ ఎక్కడం దేనికండీ, మేడే దిగి వస్తుంది అన్నాను."

"మేడ దిగడమేమిటండీ" అన్నాను నేనే, సాక్షినన్న సంగతి మరిచిపోయి.

"బావకి బావలా అడిగారు. నాలుగు మూలలా నాలుగు గిలకలు, లావుపాటి తాళ్ళు. తాతగారు కింద నించుని చప్పట్లు కొడితే మేడ దిగేది. ఎక్కి కూర్చుని మళ్ళీ కొడితే పైకి వెళ్ళేది. పొద్దున పదకొండింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి. చంటిపిల్ల ఊయల కూడా అంత మెత్తగా దిగదు."

"మేడ కిందికి దిగితే కింద పోర్షన్ల వాళ్ళు ఏమైపోతారు?" అన్నాడు టైలరు. కత్తెర ఆడిస్తున్నాడు, ఊరికే పట్టుకున్నాననుకుని.

"ఆఫీసుల్లో ఉంటారు. ఆదివారం నాడు తాతగారు మేడ దిగేవారు కాదు. ఏర్పాటంటే అన్నీ ఆలోచించి చేస్తాంగానీ ఊరికే చేస్తామా?"

టీ కొట్టాయన పొయ్యి తగ్గించాడు. కాంపౌండరు, "ఇంక పై పోర్షన్లో ఎవరూ ఏమీ అడగలేదా?" అన్నాడు.

"ఎందుకడగరు. తాతగారి మనవడు నాటకాలాడేవాడు. మేడ దిగి ఎక్కుతున్నంతసేపూ కిటికీలోంచి చూస్తూ, అన్నీ బాగున్నాయి కానీ సముద్రం ఒక్కటి తక్కువండీ అన్నాడు. విన్నారా? కుళాయి కారుతోందని కాదు, గోడ చెమ్మెక్కిందని కాదు, సముద్రం. అప్పుడు నాకు గర్వమనిపించింది. నా అద్దెవాళ్ళ కోరికలు ఏ స్థాయికి ఎదిగాయో చూడండి. ఎవరు పెంచారు? నేను. అడిగిందల్లా అడిగినప్పుడే ఇచ్చుంటే ఇంకా మేకుల దగ్గరే ఉండేవాళ్ళు. చూద్దాం అన్నాను. రెండేళ్ళు చూశాం. తరవాత ఒక పొద్దున మేడ మీద ట్యాంకు మోటారు వేసి, ఆపడం మరిచిపోయాను. మరిచిపోయానంటే, కావాలనే మరిచిపోయాను. ట్యాంకు నిండింది. డాబా నిండింది. పిట్టగోడల దాకా నీళ్ళు. నీళ్ళు ఉప్పగా లేవన్నాడు మనవడు. మా ఆవిడ్ని అడిగి ఒక డబ్బా ఉప్పు తెచ్చి పోశాను. ఆ తర్వాత ఏమైందో తెలుసా? అల లేచింది. ఒకటి, దాని వెనక ఇంకోటి. సాయంత్రానికి గవ్వలు కొట్టుకొచ్చాయి. మూడో రోజుకి, నేను చెప్తే మీరు నమ్మరు..."

"చెప్పండి, ఇంతవరకూ నమ్మాం కదా" అన్నాడు టైలరు.

"ఓడ. మూడంతస్తుల ఓడ, పొగలు కక్కుకుంటూ మా డాబా మీదికి వచ్చి ఆగింది. కెప్టెను దిగాడు. తెల్ల దుస్తులు, భుజాల మీద బంగారు చారలు. నా ముందుకొచ్చి చెయ్యెత్తి సెల్యూట్ చేశాడు. ఇక్కడ ఇల్లు గలాయన మీరేనా అన్నాడు. నేనే అన్నాను. ప్రపంచంలో ఎన్నో రేవులు చూశాను, ఇంత బాగా చూసుకునేవాణ్ణి చూడలేదు, అయితే నాదొక చిన్న మనవి అన్నాడు. అడగవయ్యా అన్నాను. ఆ కెప్టెను ఏం అడిగాడంటే..."

ఇక్కడ చూద్దాంగారు ఆగాడు. ఆగి, గుక్కెడు టీ తాగాడు. ఆగడం ఆయనకి తెలిసిన విద్య. మేమంతా కెప్టెను ఏమడిగాడా అని ముందుకి వంగాం. టైలరు కూడా వంగాడు. ఒప్పుకోడు కానీ వంగాడు.

సరిగ్గా అప్పుడు ఒక మనిషి వచ్చాడు. చెవి మీద పెన్సిలు, మోకాళ్ళ మీద చెక్కపొట్టు. మా వీధి మనిషి కాడు, కాంపౌండరు పనిచేసే ఆసుపత్రి వైపు నుంచి వచ్చిన వడ్రంగి. ఎవరి వంకా చూడకుండా తిన్నగా కాంపౌండరు దగ్గరికి వెళ్ళి, వంగి, ఆయన చెవిలో గుసగుసగా చెప్పాడు. జీవితమంతా సుత్తి చప్పుళ్ళ మధ్య మాట్లాడిన మనిషి గుసగుస కదా, మలుపు అవతల రిక్షా స్టాండుకి కూడా వినిపించింది.

"అయిపోయిందండీ. ఇత్తడిది వేశాను, ఎనిమిది అంగుళాలది. లోపల పెట్టుకుంటే బయట్నుంచి నలుగురు తోసినా రాదు. మీ ఆవిడగారు నాలుగుసార్లు పెట్టి తీసి చూసుకున్నారు. మాట్లాడకుండా లోపల కాసేపు అలాగే నించున్నారు కూడా."

కాంపౌండరు కళ్ళు మూసుకున్నాడు. పన్నెండున్నర బస్సుకి ఇంకా గంటన్నర ఉంది. నాకు తెలిసి ఆ మనిషి వారం రోజుల్లో నిండుగా ఊపిరి పీల్చింది అదే.

చూద్దాంగారి చేతిలో గ్లాసు పెదాలకీ బెంచీకీ మధ్య ఆగిపోయింది.

వడ్రంగి గుసగుస అక్కడితో అయిపోలేదు. "ఓనరమ్మగారు మీతో ఇంకో మాట చెప్పమన్నారండీ. ఎలాగూ వచ్చాను కదా అని వాళ్ళ వంటింటి అలమరకి తలుపులు కూడా పెట్టమన్నారు. చెక్క కోసేశాను, బిగించడమే మిగిలింది. పెళ్ళైన కొత్తలో అడిగారట పాపం, ముప్ఫై ఒక్క ఏళ్ళుగా చూద్దాం అంటున్నాడట ఆయన. ఇంకో అరగంట ఆయన్ని ఇక్కణ్ణుంచి కదలనివ్వొద్దన్నారు. మేకు కథ అడగమని మీకు చెప్పిందీ తనేనన్నారు. కథ సముద్రం దాకా వచ్చిందేమో కనుక్కోమన్నారు. సముద్రం వచ్చేస్తే ఇంక పది నిమిషాలే ఉంటుందట. అలా అయితే మళ్ళీ మొదట్నుంచీ చెప్పించమన్నారు."

టైలరు కత్తెర జేబులో పెట్టుకోబోయి మానుకున్నాడు. టీ కొట్టాయన పాల గిన్నె మీద మూత తీసి, లోపల ఏమీ లేకపోయినా చాలాసేపు చూశాడు. కాంపౌండరు మొహం ఎర్రబడింది. అబద్ధం ఆడడం ఆయనకి కొత్త, అందులోనూ ఇంతసేపు. క్షమించమని అడగలేకో ఏమో, మిగిలిన బిస్కట్లు చూద్దాంగారి వైపు జరిపాడు.

వడ్రంగి మా వాలకం చూసి ఏదో పొరపాటు జరిగిందనుకున్నాడు. ఒక్కొక్కరినే పరీక్షగా చూసి, కాస్త అనుమానంగా, ఈసారి గుసగుస కూడా లేకుండా అడిగాడు. "ఇంతకీ వీళ్ళలో ఓనరు గారు ఎవరండీ?"

చూద్దాంగారు గ్లాసు మెల్లిగా బెంచీ మీద పెట్టాడు. ఇంటి వైపు ఒకసారి చూశాడు. లేచి వెళ్తే అలమర ఆపించగలడు. వెళ్తే తానెవరో చెప్పుకోవాలి. మా వైపు మాత్రం చూడలేదు.

"ఓనరా?" అన్నాడు. "ఇక్కడ ఓనర్లెవరూ లేరయ్యా. అందరం టీ తాగడానికి వచ్చినవాళ్ళమే."